ఒక్క పాదసూచిక కోసం నిలబడ్డ కుర్మయ్య

డాక్టర్ కుర్మయ్య ఇక లేరు. ఈ నాలుగు మాటలు కొట్టడానికి నాకు ఒక పూట పట్టింది. కోర్టు గోడ వారగా స్టూలు వేసుకుని, ఎందరెందరి మరణాల దరఖాస్తులనో కాగితం వంక చూడకుండా టైపు చేసిన వేళ్లు ఇవి. ఆ వేళ్లే నిన్న ఆయన పేరు దగ్గరకు వచ్చి మొండికేశాయి.

గత నెల ఒక బుధవారం ఉదయం, మా చాల్‌లోనే, ఆ వరుస గదుల మేడలోనే ఉండే తాపీ మేస్త్రి బాలప్ప పని మానుకుని నా దగ్గరికి నడిచి వచ్చాడు. "అంజన్నా, మిషన్ బంద్ చెయ్" అన్నాడు. ఎందుకన్నాను. "కుర్మన్న పోయిండు" అన్నాడు. నేను అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పొద్దున్నే కదా కుర్మయ్యా నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగాం, నా టైపు తప్పుల మీద ఆయన ఎప్పటిలాగే ఎకసెక్కాలాడాడు. కాలేజీకి బయలుదేరినవాడు గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాడట. ఎక్కవలసిన లోకల్ వచ్చి వెళ్లిపోయింది, దాని తరువాతిదీ వెళ్లిపోయింది, ఆయన లేవలేదు. గుండె ఆగిందన్నారు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది, పుట్టుబుద్ధి. బాలప్ప మీద కోపం, ఆ గుండె మీద కోపం, ఆయన ఎక్కకపోయినా పట్టించుకోకుండా కదిలిపోయిన ఆ బండ్ల మీద కూడా కోపం. ఏడుపు మర్నాటికి గాని రాలేదు.

మా పేట సంఘం వారు తమ పత్రిక ఈ సంచికకు ఆయన గురించి రాయమన్నారు. "శోకతప్త హృదయంతో" అని మొదలుపెడితే గౌరవంగా ఉంటుందని కార్యదర్శి గారు సలహా కూడా ఇచ్చారు. వారు నన్ను క్షమించాలి. నా మిత్రుడు గెలిచి వెళ్లిన మనిషి. ఓడి వెళ్లిన మనిషి గురించి రాసినట్టు నేను రాయలేను.

బొంబాయి కామాఠీపురా అనగానే బయటి లోకం ఎర్రదీపాల సంగతి ఒక్కటే తలచుకుని నవ్వుతుంది. ఆ నవ్వేవాళ్లతో వాదించే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. పాలమూరు నుంచి తట్టా పారా భుజాన వేసుకుని వచ్చి ఈ మహానగరపు సౌధాలకు పునాదులు తవ్విన మా తాతల పేట అది. ఆ పేటలో, మా చాల్ రెండో అంతస్తులో, కాళ్లు చాపితే గోడ తగిలే ఒక ఖోలీలో కుర్మయ్య పుట్టాడు. ఆయనకు ఊహ తెలియకముందే తండ్రి పరంజా మీద నుంచి జారిపడి పోయాడు. తల్లి చెన్నమ్మ సిమెంటు తట్టలు మోసి కొడుకును చదివించింది. మునిసిపాలిటీ వారి తెలుగు బడిలో చదివి, ఆ బడిలోనే పంతులై, పాఠాలు చెబుతూనే ఎం.ఏ. పూర్తి చేసి, చివరకు తూర్పు ఆఫ్రికా వైద్య చరిత్రలో డాక్టరేట్ సాధించిన విద్వాంసుడు ఆయన. ఓడ ఎక్కలేదు, విమానం ఎక్కలేదు. ఆయన చూసిన సముద్రమంతా చౌపాటీ దగ్గర కనబడేదే.

"పాలమూరోనికి ఆఫ్రికాతోని ఏం పనిరా నాయనా" అని అడగనివాడు మా గల్లీలో లేడు. అడిగినవాళ్లలో నేనే మొదటివాణ్ని. దానికి ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మా కామాఠీ కూలీల చరిత్ర రాద్దామని ఆయన పాత రికార్డుల గదిలో దుమ్ము దులుపుతూ ఉండగా ఒక ఇంగ్లీషు దొర డాక్టరు డైరీల కట్ట దొరికింది. మశూచి కాలంలో ఆ దొర మన పేటలో పనిచేశాడు. తరువాత ఓడ ఎక్కి తూర్పు ఆఫ్రికాలో ఒక జిల్లాకు బదిలీ అయ్యాడు. ముందు సంపుటంలో మన గల్లీ గురించి ఒక వాక్యం రాశాడు: ఈ జనం రోగులను దాస్తారు, గుమ్మానికి ఆకులు కట్టి దేవతకు మొక్కుతారు, మమ్మల్ని గడప దాటనివ్వరు అని. తరువాతి సంపుటంలో అక్కడి పల్లెల గురించి కూడా ఇంచుమించు అదే వాక్యం ఉంది.

"మన గల్లీ గురించి రాసిన చెయ్యే ఆ ఊర్ల గురించి రాసింది అంజయ్యా. మన దిక్కు సగం సూసి రాసినోడు ఆడ పూర్తిగ సూసి రాసిండా? మన ఇంటి సంగతి నాకెర్క. వాళ్ల ఇంటి సంగతి తెల్సుకోవాలె" అన్నాడు కుర్మయ్య. అంతే. పాలమూరు కూలీల చరిత్ర పక్కకు పోయింది. ఆ పైన ఏళ్ల తరబడి ఆయనకు ఆఫ్రికాయే లోకం, అక్కడి రోగాలు, మందులు, టీకాలు, వాటి మధ్య నలిగిన మనుషులే లోకం.

ఆయన పరిశోధన చేసే తీరు విశ్వవిద్యాలయాల్లో ఎక్కడా నేర్పేది కాదు. ఆదివారం మధ్యాహ్నం, వంటలూ తిండ్లూ అయ్యాక, మా చాల్ వరండాలో చెన్నమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చునేది. చుట్టుపక్కల ఖోలీల ఆడవాళ్లు తమ తమ చేటలతో వచ్చి చేరేవారు. కుర్మయ్య ఆ వారం ఇంగ్లీషులో రాసిన పుటలను తెలుగులో వాళ్లకు చెప్పేవాడు. ఎవరైనా కునికిపాట్లు పడితే ఆ పుటకు పెన్సిలుతో అడ్డగీత పడేది. "మా అవ్వకు అర్థం కాలేదంటే నాకే అర్థం కాలేదన్నట్టు" అనేవాడు తల్లిని చూపిస్తూ. ఆ అడ్డగీతల పుటలన్నీ మళ్లీ టైపు చేసింది ఎవరనుకున్నారు? ఈ అంజయ్యే. వాళ్ల కునుకులకు శిక్ష నాకు పడేది.

అలాంటి ఒక ఆదివారమే ఆయన జీవితం మలుపు తిరిగింది. ఆ వారం ఆయన ఒక గొప్ప అధ్యాయం రాశానని మురిసిపోతూ వచ్చాడు. ఆఫ్రికా పల్లెల్లో మశూచి వచ్చిన ఇంటి గుమ్మానికి ఆకుల కొమ్మ కట్టడం వాళ్ల దేవతారాధన అని, మన వేపమండ కూడా అమ్మవారికి మొక్కుబడేనని, రెండు జాతుల భక్తికీ ఒకే మూలం ఉందని ఆ అధ్యాయం సారాంశం. నాకైతే వింటుంటే ఒళ్లు పులకరించింది. చెన్నమ్మ చేటలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"వేపమండ అమ్మవారికని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"చెప్పుడేంది అవ్వా. మనోళ్లందరు కడ్తరు గద, అమ్మవారు పోసినప్పుడు."

"అమ్మవారు ఇంట్లనే ఉన్నది గదరా. ఆమెకు ఆమె యాడున్నదో తెల్వదా? గుమ్మానికి కట్టేది బయటోళ్లకు. లోపటికి రావద్దని. సదువుకున్నోనివి, గింత తెల్వదా?"

వరండాలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. కుర్మయ్య నవ్వలేదు. కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "అంజయ్యా, ఆ దొర చేసిన తప్పే నేనూ చేసిన. వాడు దేవత అన్నడు, నేను భక్తి అన్న. ఇద్దరం మా అవ్వను అడగలే" అన్నాడు. ఆ అధ్యాయం మొత్తానికి అడ్డగీత పడింది. ముప్పై పుటలు. నేను నోరు మూసుకుని ఊరుకున్నానని చెబితే అబద్ధమవుతుంది.

ఆ రోజుల్లోనే జుమా అనే టాంజానియా విద్యార్థి ఆయనకు పరిచయమయ్యాడు. బొంబాయిలో ఎం.ఏ. చదువుతుండేవాడు. డైరీల్లో దొర్లే స్వాహిలీ మాటలకు అర్థాలు చెప్పేందుకు మా చాల్‌కు వచ్చేవాడు. వచ్చిన మొదటి రోజు గల్లీ గల్లీ అంతా తలుపుల దగ్గర నిలబడి చూసింది. రెండో రోజు చెన్నమ్మ జొన్నరొట్టె పెట్టింది. మూడో వారానికి అతను "అవ్వా, ఇంకో రొట్టె" అని మా యాసలో అడిగేవాడు. కుర్మయ్య అతని చేత ఒకే ఒక్క ప్రశ్న ఇంటికి రాయించాడు: నాయనమ్మను అడగండి, ఆ ఆకులు ఎవరి కోసం కట్టేవారు అని. రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆ వృద్ధురాలు చెప్పింది ఇంతే: పొరుగువాళ్ల కోసం, లేకపోతే తెలిసేదెలా?

ఆ జవాబు చేతబట్టుకుని కుర్మయ్య మళ్లీ డైరీలు విప్పాడు. ప్రతి సంపుటం చివరా దొర రెండు జాబితాలు వేసి పెట్టాడు. ఒకటి ఆకులు కట్టిన 'మొండి ఇళ్ల' జాబితా, ఆకులు పీకించిన చోట గుర్తు పెట్టి. రెండోది మరణాల జాబితా. ఇన్నాళ్లుగా వాటిని ఎవరూ పక్కపక్కన పెట్టి చదవలేదు. కుర్మయ్య పెట్టి చదివాడు. ఆకులను ఉండనిచ్చిన పల్లెల్లో రోగం ఆ గడపలోనే ఆగింది. దొర మనుషులు ఆకులు పీకి పారేసిన పల్లెల్లో అది ఇరుగుకూ పొరుగుకూ పాకింది. మూఢాచారమని దొర రాసుకున్నదే ఆ జనపు వైద్యనీతి అని, రోగాన్ని గడప దాటనివ్వని వాళ్ల దిగ్బంధమని, దొర తన చేతులతో తానే దానిని ఛేదించాడని నా మిత్రుడు దొర అక్షరాలతోనే నిరూపించాడు. టీకా మీద ఆయనకు అపారమైన గౌరవం. "టీకా గొప్పదే. టీకా ఏసేటోడు తలుపు మీద రాసింది సదువుకోని పోవాలె" అనేవాడు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇక కథ అంతా దీని మీద ఆయన కొత్తగా రాసిన అధ్యాయం కింద ఉన్న ఒక్క పాదసూచికలో ఉంది. ఆకుల అర్థం ఎలా తెలిసిందో అక్కడ ఆయన ఇలా రాశాడు: "సాక్షి: చెన్నమ్మ, తాపీ కూలీ, కామాఠీపురా." దాని పక్కనే జుమా నాయనమ్మ పేరు.

ఆయనకు మార్గదర్శకులైన ఆచార్యులు సహృదయులు, కుర్మయ్య అంటే వాత్సల్యం గలవారు. వారు ఆ పుట చూసి తల పట్టుకున్నారు. కన్నతల్లిని సాక్షిగా చూపితే పరీక్షకులు నవ్వుతారని, 'స్థానిక విశ్వాసం' అని రాసి ఊరుకోమని నచ్చజెప్పారు. కుర్మయ్య వినలేదు. సిద్ధాంత గ్రంథం వెళ్లింది, తిరిగి వచ్చింది. అభ్యంతరం ఒక్కటే, ఆ పాదసూచిక. దాన్ని తీసేస్తే పట్టా చేతికి వచ్చినట్టే. నగరంలో ఒక కాలేజీలో చరిత్ర అధ్యాపకుడి ఉద్యోగం ఆయన కోసం ఎదురుచూస్తోంది, వయోపరిమితి ఇంకొక్క ఏడాదిలో దాటిపోతుంది. చెన్నమ్మకే తెలిస్తే "నా పేరు తీసెయ్యిరా, నాకెందుకు" అని ఉండేది. అందుకే ఆమెకు చెప్పవద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నాడు. రెండోసారి పంపాడు. రెండోసారీ తిరిగి వచ్చింది.

ఇప్పుడు నేను చేసిన పాపం చెప్పాలి. ఆయన బతికుండగా మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. మూడోసారి శుద్ధప్రతి టైపు చేసేటప్పుడు నాకు విసుగొచ్చింది, భయమూ వేసింది. నా కళ్ల ముందే ఒక మేధావి ఒక్క వరుస కోసం జీవితాంతం చిన్నబడి పంతులుగా మిగిలిపోతాడనిపించింది. ఆ పాదసూచిక నేను కొట్టలేదు. కావాలనే వదిలేశాను. చూసుకోకుండా సంతకం పెట్టి పంపేస్తాడనుకున్నాను.

నా మిత్రుణ్ని నేనెంత తక్కువ అంచనా వేశానో చూడండి. నేరుగా ఆ పుటే తీసి చూశాడు. కోపం వస్తుందని నేను తయారుగా ఉన్నాను, వాదించడానికి మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయన మెల్లగా అన్నాడు: "నువ్వు నా మీది పాయిరంతోనే, నా మంచికే చేశినవ్, నాకెర్క. ఆ దొర గూడ చెడ్డోడు కాదు అంజయ్యా, రోగులకు రాత్రింబగళ్లు తిరిగిండు. పేర్లు తీసేసెటోళ్లందరు మంచోళ్లే ఉంటరు."

నా ముందు నుంచి మిషను తన వైపు తిప్పుకుని, రెండు వేళ్లతో, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఆ పుటంతా తానే కొట్టుకున్నాడు. తప్పులున్నాయి. దిద్దుతానంటే వద్దన్నాడు. ఆ పుట అలాగే వెళ్లింది. సిగ్గుతో చెబుతున్నాను, ఆ ప్రతి మొత్తంలో నేను టైపు చేయని పుట అదొక్కటే, అందరికీ కావలసి వచ్చిన పుట కూడా అదొక్కటే.

మూడోసారి గ్రంథం తిరిగి రాలేదు. దాని బదులు మౌఖిక పరీక్షకు పిలుపు వచ్చింది. పుణె నుంచి ఒక వృద్ధాచార్యులు పరీక్షకులుగా వస్తున్నారని, ఆయన ప్రశ్నిస్తే పండితులకు కూడా చెమటలు పడతాయని తెలిసింది. బహిరంగ పరీక్ష, ఎవరైనా రావచ్చు. ఎవరైనా అంటే అందులో మేమూ వచ్చినట్టే గదా. మిల్లుల సమ్మె నడుస్తున్న రోజులవి, పనిలేక కూర్చున్న మా వాళ్లు చాలామంది వచ్చారు. బాలప్ప నాగ్‌పాడాలో తాను కడుతున్న గోడ సగంలో వదిలి తన కూలీలందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. చెన్నమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది. విశ్వవిద్యాలయం వారు మమ్మల్ని చూసి, గోడకు సున్నం వేయడానికి వచ్చామనుకుని ముందు బయట నిలబెట్టారు. పరీక్షకని చెప్పి లోపలికి వెళ్లాం.

వృద్ధాచార్యులు చాలా ప్రశ్నలు అడిగారు. కుర్మయ్య ఇంగ్లీషులో ధారాళంగా జవాబులు చెప్పాడు. చివరకు ఆయన ఆ పుట తెరిచారు. మార్గదర్శకులు బల్ల వైపు చూపు దించుకున్నారు.

"ఈ చెన్నమ్మ ఎవరు?"

"మా తల్లి సార్."

"జీవించి ఉన్నారా?"

"ఉన్నారు సార్. వెనక బెంచీలో కూర్చున్నారు."

ఆచార్యులు కళ్లజోడు తీసి, వెనక్కి చూసి, మరాఠీలో అడిగారు: "బాయీ, మీ కొడుకు ఇక్కడ రాసింది మీరు చెప్పిందేనా?" చెన్నమ్మకు మరాఠీ కట్టడాల దగ్గర నేర్చుకున్నదే, కాని బాగా వచ్చు. లేచి నిలబడి చెప్పింది, సగమే రాశాడని.

ఆచార్యులు ముందుకు వంగారు. మిగతా సగం ఏమిటన్నారు. ఆమె మరాఠీలో చెప్పిన దానిని నేను మా మాటలోకి మార్చి ఇస్తున్నాను. "అన్నం గడప కాడ పెట్టి జరిగిపోవాలె. లోపటికి ఎవలు పడితే వాళ్లు పోవద్దు. ఒకపారి అమ్మవారు పోసి బతికినోళ్లే పోవాలె, వాళ్లకు మల్ల రాదు. నా మొఖం సూడుండ్రి సారూ. గీ మచ్చలు సిన్నప్పటియి. ఎవలింట్ల పోసినా నన్నే పిలుస్తుండ్రి. తట్ట దించి పోతుంటి. పాలు వట్టిచ్చి, ఆకుతోని విసిరి, బతికితే నీళ్లు పోసి వస్తుంటి. గది వాడు అడగలే, నేను చెప్పలే."

అప్పుడు జరిగింది నేను జన్మలో మరచిపోను. పరీక్షకు నిలబడ్డ మనిషి జేబులోంచి పెన్సిలు తీసి, తన తల్లి చెబుతున్నది రాసుకోవడం మొదలుపెట్టాడు. పరీక్ష ఉందన్న సంగతే మరిచిపోయాడు. ఆచార్యులు ఆపలేదు, రాయడం అయ్యేదాకా కూర్చున్నారు. రాసుకున్నవాడు ఒక్కసారి తల ఎత్తి, గబగబా డైరీ నకలు తిరగేసి ఒక పుట దగ్గర ఆగాడు. "సార్, ఈ వాక్యం నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు. మచ్చల ముఖాల ఆడవాళ్లు రోగుల ఇళ్లలోకి పోయి వస్తున్నారని, వాళ్లను కట్టడి చేయాలని దొర రాసుకున్నాడు. వాళ్లు..." అన్నాడు. ఆ వాక్యం ఆచార్యులే పూర్తి చేశారు. "వాళ్లు ఆ జిల్లా నర్సులు" అన్నారు.

పట్టా ఇస్తూ ఆయన ఒకే ఒక్క సవరణ చెప్పారు. ఆ పుటలో దొర పేరు ముందు హోదా ఉంది, ఈమె పేరు పక్కన కూలీ అని మాత్రమే ఉంది, అది చాలదు అన్నారు. ఆ పుట మళ్లీ టైపు చేసే భాగ్యం నాకు దక్కింది. "చెన్నమ్మ, తాపీ కూలీ, మశూచి రోగుల పరిచారిక" అని ఒక్క తప్పు లేకుండా కొట్టాను. ఆ రోజు మా గల్లీలో డప్పులు మోగిన మోతకు పక్క గల్లీ వాళ్లు ఎవరి పెళ్లి అని అడగడానికి వచ్చారు. బాలప్ప, చెన్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకున్నాడు. "నడుం విరుగుతది, దించు" అని ఆమె కసిరింది.

తరువాతి సంగతులు మీలో చాలామందికి తెలిసినవే. కాలేజీలో ఆయన పాఠం వినడానికి సైన్సు విద్యార్థులు కూడా వచ్చి వెనక నిలబడేవారు. మా చాల్‌లో తట్టు లేచిన ఏడాది, జనం తలుపులు తెరవడం లేదని టీకాల నర్సమ్మ మెట్ల మీద కూర్చుని విసుక్కుంటుంటే, కుర్మయ్య ఆమెను వెంటబెట్టుకుని నడిచాడు. "వేపమండ ఉన్న తలుపు కొట్టకు చెల్లే, ఆడ పిల్ల పండుకోని ఉన్నది. దాని పక్క తలుపు కొట్టు. ఎందుకొచ్చినవో నా పేరు జెప్పి చెప్పు" అన్నాడు. తలుపులు తెరుచుకున్నాయి. వారం పడుతుందనుకున్న పని మధ్యాహ్నం భోజనాల వేళకు పూర్తయింది. ఆ నర్సమ్మ కూడా అంత్యక్రియలకు వచ్చింది. నేను చూశాను.

కర్మకాండ ముగిసిన నాలుగో రోజున ఆయన పేరిట విదేశీ తపాలా బిళ్లలు అంటించిన ఒక కవరు వచ్చింది. ఇప్పుడు తన దేశంలో చరిత్ర బోధిస్తున్న జుమా రాశాడు. అతనికి ఇంకా ఈ వార్త తెలియదు. తన విద్యార్థులు కుర్మయ్య గ్రంథం చేత పట్టుకుని ఊరూరా వెళ్లి ముసలమ్మలను అడుగుతున్నారని, ఒక్కచోట చిక్కుబడ్డారని రాశాడు. కొమ్మను ఎప్పుడు తీసేయాలో ఎవరు నిర్ణయించేవారో అక్కడ ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, అవ్వను అడిగి రాయి, ఆమె పేరుతోనే వేసుకుంటాం అన్నాడు.

ఆ ఉత్తరం చెన్నమ్మకు చదివి వినిపించాలా వద్దా అని నేను ఒక రోజంతా తటపటాయించాను. చివరకు మిషను మోసుకుని ఆమె ఖోలీకే వెళ్లాను. వింది. కొడుకు పోయాడని ముందు రాయనా అని అడిగాను.

"గది ఎనక రాయి. ముందుగాల పిలగాండ్లు అడిగిందానికి జవాబు రాయి. వాళ్లు కూసోని ఉంటరు" అంది. నేను కాగితం ఎక్కించాను. ఆమె చెప్పింది. "పక్కులన్ని రాలినంక, తల మీంచి నీళ్లు పోసినంక, లోపటికి పోయి సూసుకున్నదే తీస్తది. ఇంకెవలు తియ్యొద్దు. మా గల్లీల నేనే తీస్తుంటి." కొట్టాను. కింద ఆమె పేరు, ఆచార్యులు ఇచ్చిన హోదాతో సహా కొట్టి చదివి వినిపించాను.

"వాని పేరు గూడ రాయి" అంది.

"చెప్పింది నువ్వు గదా పెద్దమ్మా."

"చెప్పెటోళ్లకేం తక్కువ అంజిగా. గీ సంగతి చాల్‌ల ముసలోళ్లందరికి ఎర్కనే. ఇన్నేండ్లల్ల వచ్చి కూసోని అడిగినోడు నా కొడుకొక్కడే."

ఆ తరువాత ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఈసారి కోపం రాలేదు. కళ్లు తుడుచుకుని ఆమె పేరు కింద ఆయన పేరు కొట్టాను. హోదా దగ్గర కాసేపు ఆగాను. చరిత్రకారుడు అని కొట్టి, ఎందుకో చాలదనిపించి, దాని పక్కన "అడిగినవాడు" అని చేర్చాను. ఆ హోదా వేయదగిన మనిషి కోసం ఈ మహానగరంలో ఇక ఎవరి గుమ్మం ముందు నిలబడాలో నాకు తెలియడం లేదు.